ఫారంలో గడి లేని ముచ్చట్లు

మొదటి రాత్రి ఆ చప్పుడు మొదలైనప్పుడు పక్కన పడుకున్న కుర్రాడు గురక పెడుతున్నాడని నేననుకున్నాను. నేనే పెడుతున్నానని అతను అనుకున్నాడట. "ఫూ... ఫూ... ఫూ..." అని గట్టిగా ఊదడం, వెంటనే "హుర్ర్" అని లోపలికి పీల్చడం, కాసేపు ఆగడం. మళ్ళీ ఊదడం. సైకిల్ ట్యూబుకు పంపుతో గాలి కొడితే ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఇద్దరం ఒకేసారి లేచి కూర్చున్నాం. ఇద్దరం మెలకువగానే ఉన్నాం, చప్పుడు మాత్రం ఆగలేదు. టార్చి కోసం చేయి చాపితే చీకట్లో ఎవరిదో చేయి నా మణికట్టు పట్టుకుంది.

"ఎయ్యకు సారూ. గుడ్డెలుగు. పుట్ట తింటున్నది" అన్నాడు మా ట్రాకర్, చెవి దగ్గర, చాలా నింపాదిగా.

అది 2018 జనవరి. నల్లమలలో, అమ్రాబాద్ టైగర్ రిజర్వులో పులుల గణనకు వాలంటీరుగా వెళ్ళాను. వారం రోజులు అడవిలో బేస్ క్యాంపులో ఉండాలి, రోజూ నడవాలి, చూసింది చూసినట్టు ఫారంలో రాయాలి. ఏ జంతువు, ఎన్ని, ఎంత దూరంలో, ఏ దిక్కున అనేవాటికి ఫారంలో గడులుంటాయి. కానీ ఆ వారంలో నన్ను ఎక్కువ నవ్వించినవాటికి, ఇప్పటికీ రాత్రిళ్ళు గుర్తొచ్చేవాటికి ఏ గడీ లేదు. అవన్నీ జేబులో ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని రాసుకున్నాను. ఇవి ఆ నోటుబుక్కులోవే.

తెల్లారాక ఆ ట్రాకర్ పెద్దాయన మమ్మల్ని ఆ పుట్ట దగ్గరికి తీసుకెళ్ళాడు. క్యాంపు చుట్టూ తవ్విన కందకానికి అవతల, మా పడకకు ముప్పై నలభై అడుగుల దూరంలో ఉంది. నడుమెత్తు పుట్టలో సగం లేదు. లోపల కుండ పట్టేంత గుంత, దాని గోడల మీద నాలుగైదు వేళ్ళ గోళ్ళ గీరలు. గుంత ముందు మెత్తటి మన్ను విసనకర్ర ఆకారంలో చెదిరి ఉంది. "గది నోటితోని ఊదింది" అని చూపించాడు. ఎలుగుబంటికి పై దవడలో ముందు రెండు పళ్ళు ఉండవు. ఆ సందులోంచి, పెదాలు గొట్టంలా ముందుకు చాపి, మన్ను ఊదేసి చెదపురుగులను పీల్చుకుంటుంది. పీల్చేటప్పుడు దుమ్ము పోకుండా ముక్కు రంధ్రాలు మూసేసుకుంటుంది. మేం విన్న పంపు చప్పుడు అదన్నమాట. చలికాలంలో ఇప్పపూలు, మొర్రిపండ్లు ఇంకా రావు కాబట్టి దాని తిండి ఎక్కువగా చెదలు, చీమలు, రేగుపండ్లు. అక్కడే దాని పెంట కూడా ఉంది. నిండా రేగు గింజలు.

ఎలుగు గుర్తులు ఫారంలో రాయాల్సినవే. కానీ మేం నడవాల్సిన దారిలో కనబడితేనే. క్యాంపు పక్కన పుట్ట లెక్కలోకి రాదని అటవీ శాఖ బీట్ ఆఫీసర్ మేడమ్ చెప్పారు. నోటుబుక్కులో మొదటి పేజీ అలా మొదలైంది.

నేనెందుకు వెళ్ళానో కూడా చెప్పాలి. మాది దేవరకొండ వైపు పల్లె. మా తాత షికారీ. వేరుశెనగ చేలమీద పడే అడవిపందుల కోసం రాత్రంతా మంచె మీద కూర్చునేవాడు, నాటు తుపాకీ పక్కన పెట్టుకుని. నా చిన్నప్పుడు ఆయన చెప్పిన కథలన్నీ ఆ మంచె మీదివే. వాటిలో ఒకటి ఎన్నిసార్లు చెప్పించుకున్నానో లెక్కలేదు. అర్ధరాత్రి చేలో గరగర చప్పుడు. పంది అనుకుని తాత తుపాకీ ఎత్తి, రెండో చేత్తో టార్చి వేశాడు. వెలుగులో ఏదుపంది. ముందు కాళ్ళతో శెనగచెట్టు పీకి, కాయలు తెంపుకుంటూ ఉంది. వెలుగు పడగానే పారిపోవాలి కదా. పారిపోలేదు. ముళ్ళన్నీ నిక్కబొడిచి, తోక ముళ్ళు గలగలలాడిస్తూ, వెనక్కి తిరిగి, వీపు చూపిస్తూ వెనకడుగులతో మంచె మీదికే వచ్చింది. మంచె గుంజకు ఢీకొట్టి ఆగింది. ఒక ముల్లు గుంజలో దిగబడి ఊడిపోయింది. తాతకు నవ్వు ఆగక తుపాకీ కిందపెట్టేశాడు. ఏదుపంది భయపడితే అలాగే వెనక్కి వెనక్కి దాడి చేస్తుందని ఆయన ఆ రాత్రే తెలుసుకున్నాడట. ఆ ముల్లు మా ఇంట్లో చాలా ఏళ్ళు ఉండేది. నానమ్మ పాపిడి తీసుకునేది దాంతో.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక తాత తుపాకీ అప్పగించేశాడు. మంచె కథలు మాత్రం మిగిలాయి. ఆ అడవిని నేను వేరే పని మీద చూడాలని ఎప్పటినుంచో ఉండేది.

వాలంటీర్లు కావాలన్న ప్రకటన చూసి దరఖాస్తు పెట్టాను. డబ్బులేమీ ఇవ్వరు. తిండి, పడక క్యాంపులో. స్లీపింగ్ బ్యాగు మనదే. ముదురు రంగుల బట్టలు తెచ్చుకోవాలి, సెంటు వాడకూడదు, అడవిలో గట్టిగా మాట్లాడకూడదు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్ళే రోడ్డులో మన్ననూరు దగ్గర అడవి మొదలవుతుంది. అక్కడే ఒక రోజు శిక్షణ ఇచ్చారు. దిక్సూచి పట్టుకోవడం, రేంజ్‌ఫైండర్‌తో దూరం కొలవడం, ఫోన్‌లో ఈ గణనకు వాడే ఎం-స్ట్రైప్స్ యాప్‌లో నమోదు చేయడం. నాలుగేళ్ళకోసారి దేశమంతా ఒకే పద్ధతిలో ఈ లెక్క జరుగుతుంది. 2006లో మొదటిసారి చేసినప్పుడు దేశంలో పులులు 1,411 అని తేలింది. అంతకుముందు పాదముద్రల మీద గాజుపలక పెట్టి గీసుకుని, ఏ ముద్ర ఏ పులిదో పోల్చి లెక్క కట్టేవారు. ఆ లెక్కల్లో పులులున్నాయని రాసిన సరిస్కాలో 2005 నాటికి ఒక్కటీ లేదని బయటపడటంతో ఆ పద్ధతి వదిలేశారు. ఇప్పుడు మొదట మాలాంటివాళ్ళు నడిచి గుర్తులు రాస్తారు. ఆ తర్వాత కెమెరాలు పెట్టి, చారలను బట్టి ఏ పులికి ఆ పులిని గుర్తిస్తారు. శిక్షణ ఇచ్చినాయన పదే పదే ఒకటే చెప్పారు. "మీరు పులిని చూడటానికి రాలేదు. కనబడనిది కనబడలేదు అని రాయడానికి కూడా వచ్చారు. సున్నా కూడా లెక్కే." ఆ మాట నాకు బాగా నచ్చింది.

వటవర్లపల్లి దాటాక రోడ్డు దిగి లోపలికి వెళితే మా క్యాంపు. ఒక గది, ముందు రేకుల పంచ, ఒక సోలార్ పలక, చుట్టూ కందకం. మేం నలుగురం. బీట్ ఆఫీసర్ మేడమ్, ట్రాకర్ పెద్దాయన, ఖమ్మం నుంచి వచ్చిన బీఎస్సీ కుర్రాడు, నేను. పెద్దాయనది ఆ అడవిలోనే ఒక చెంచు పెంట, అంటే చెంచుల గూడెం. ఆయన తాత నిజాం కాలంలో ఫర్హాబాద్ షికారు బంగళాకు దొరలు వచ్చినప్పుడు డప్పులు కొట్టి జంతువులను తోలే గుంపులో ఉండేవాడట. మంట దగ్గర కూర్చుని మా తాత సంగతి నేను చెప్పినప్పుడు ఆయన కట్టె ఎగదోస్తూ అన్నాడు. "మీ తాత కొట్టిండు. మా తాత తోలిండు. మనం లెక్క రాస్తున్నం."

మొదటి మూడు రోజులు పులి, చిరుత, రేసుకుక్కల్లాంటి వేటాడే జంతువుల గుర్తులు, ఎలుగు గుర్తుల కోసం నడక. రోజుకు కనీసం అయిదు కిలోమీటర్లు. బండిబాటలు, వాగులు, జంతువులు తిరిగే దారులు. పాదముద్రలు, మలం, నేల గీకిన గుర్తులు, చెట్ల మీద గోళ్ళ గీరలు. నాకూ కుర్రాడికీ మొదటి గంటలో మట్టి తప్ప ఏమీ కనబడలేదు. పెద్దాయన ముందు నడుస్తూ ఎక్కడ ఆగితే అక్కడ ఏదో ఉండేది. ఒకచోట పుల్లతో మలం విప్పి చూపించాడు. లోపల గట్టి నల్లటి వెంట్రుకలు, ఒక చిన్న గిట్ట. "పంది పిల్లను తిన్నది. చిరుత." ఇంకోచోట దుమ్ములో పాదముద్ర మీద సన్నగా దారం గీసినట్టు ఒక గీత. రాత్రి పురుగు పాకిన జాడ అది. అంటే ముద్ర రాత్రికి ముందుది. మంచు బొట్లు పడి గుంతలు పడ్డ ముద్ర అయితే తెల్లవారకముందుది. అంచులు పదునుగా ఉండి, లోపల మట్టి ఇంకా రంగు మారకపోతే ఇప్పటిది. ఇవన్నీ ఏ పుస్తకంలో చదివినా అర్థం కావు. ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వంగి, పక్కనుంచి పడే ఎండలో చూస్తే ఒక్కసారిగా నేలంతా రాతలా కనబడటం మొదలవుతుంది.

రెండో రోజు పొద్దున వాగు ఒడ్డున బాట మీద నడిచి వెళ్ళాం. మెత్తటి దుమ్ము. నలుగురి చెప్పుల గుర్తులు, నా బూట్ల అడుగున ఉండే నిచ్చెన గీతలు, అన్నీ అచ్చు వేసినట్టు పడ్డాయి. చివరిదాకా వెళ్ళి, అక్కడ ఒక బండ మీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిని, అదే దారిలో తిరిగొచ్చాం. రెండున్నర గంటలు పట్టి ఉంటుంది. పెద్దాయన ఉన్నట్టుండి ఆగి, చేయి పక్కకు చాపి మమ్మల్ని ఆపాడు. నేల చూపించాడు. నా బూటు గుర్తు. దాని మడమ మీద, నిచ్చెన గీతలను సగం చెరిపేస్తూ, పెద్ద అరిపాదం, నాలుగు వేళ్ళు. గోళ్ళ గుర్తులు లేవు. అంచులు చాకుతో కోసినట్టున్నాయి. మేడమ్ స్కేలు పెట్టి ఫోటో తీశారు. చిరుతది ఇంత ఉండదు. ముందుకు చూస్తే ఆ ముద్రలు మా నలుగురి అడుగుల వెంటే వరసగా వెళ్ళాయి, మేం వెళ్ళిన వైపే. డెబ్బై ఎనభై అడుగులు అలా మా వెనకే నడిచి, ఒక మద్దిచెట్టు దగ్గర పక్కకు తిరిగి వెదుళ్ళలోకి దిగిపోయింది.

ఎవరం మాట్లాడలేదు. నాకు భయం వేయలేదని చెప్పను. కాళ్ళ వెనక నరాలు లాగేశాయి. కానీ దానికంటే ఎక్కువగా ఇంకోటి ఉంది. ఆ ముద్ర పక్కన నా అరచేయి ఆనించి చూసుకున్నాను. నేల చల్లగా ఉంది. మా వాసన, మా పులిహోర వాసన, అన్నీ దానికి తెలుసు. మేం ఎటు పోతున్నామో చూద్దామని కొంచెం దూరం వచ్చి, చూసి, తన పని మీద తాను వెళ్ళింది. కుర్రాడు చాలాసేపటికి గుసగుసగా, "అన్నా, అది మనల్ని లెక్కపెట్టింది" అన్నాడు. పెద్దాయన అడుగు పొడవు, వేళ్ళ తీరు చూసి ఆడపులి అన్నాడు. ఫారంలో "పులి, పాదముద్ర, తాజా" అని రాశాం. ఎవరి అడుగు మీద పడిందో రాయడానికి గడి లేదు.

నాలుగో రోజు నడక లేదు. రెండు కిలోమీటర్ల సరళరేఖ దారిని, అంటే ట్రాన్సెక్ట్‌ను, చూసి సిద్ధం చేసుకోవడం, కాగితాలు సర్దుకోవడం. మూడు రోజుల ఫారాలన్నీ ఒక జిప్పున్న ప్లాస్టిక్ కవరులో పెట్టి పంచలో బల్ల మీద ఉంచాను. అందులోనే ఒక పల్లీపట్టీ ప్యాకెట్టు కూడా. అక్కడే తప్పు జరిగింది. కోతి ఎప్పుడు వచ్చిందో తెలియదు. "ఏయ్!" అని మేడమ్ అరుపు విని చూసేసరికి కవరు చంకలో పెట్టుకుని కందకం దూకేసి, నల్లమద్ది చెట్టు ఎక్కేసింది. యాప్‌లో చాలావరకు ఉన్నా సంతకాలు, వివరాలు రాసిన అసలు కాగితాలు అవే. టెన్షన్ మామూలుగా లేదు.

కొమ్మ మీద కూర్చుని అది జిప్పు పళ్ళతో లాగింది. ముందు పల్లీపట్టీ తీసి నాలుగు కొరుకుల్లో అవగొట్టింది. తర్వాత ఒక్కో కాగితం తీసింది. మొదటిది వాసన చూసి వదిలేసింది, ఊగుతూ ఊగుతూ కింద పడింది. రెండోది వేలితో గీకింది. మూడోది మాత్రం తలకిందులుగా రెండు చేతులతో పట్టుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, మా ఆఫీసులో ఆడిటర్ చూసినట్టు చాలాసేపు చూసింది. ఆఖరున మూల కొరికి రుచి చూసింది. కుర్రాడు రాయి తీశాడు. పెద్దాయన ఆ చేయి కిందికి దించేశాడు. "రాయేస్తే ఇంకా పైకి వోతది. అన్ని చింపుతది" అన్నాడు.

ఆయన చేసింది ఇది. చెట్టు కింద, కోతికి వీపు పెట్టి కూర్చున్నాడు. తువ్వాలు పరిచి, నడుముకున్న సంచిలోంచి ఉసిరికాయలు తీసి అందులో పోశాడు. ఒక్కోటి తీసి, తుడిచి, ఆనందంగా నమలడం మొదలుపెట్టాడు. పైకి చూడడు. మమ్మల్ని కూడా చూడొద్దన్నాడు. రెండు నిమిషాలు. మూడు నిమిషాలు. కోతి మెడ సాచింది. ఒక కొమ్మ దిగింది. ఇంకోటి దిగింది. నేల మీదికి వచ్చి ఆయన వెనకనుంచి భుజం మీదుగా తొంగి చూసింది. ఆయన నములుతూనే ఉన్నాడు. ఉసిరికాయలు తీసుకోవాలంటే చేతులు ఖాళీ కావాలి కదా, కవరు పక్కన పెట్టి రెండు చేతులా రెండు కాయలు పట్టుకుంది. మేడమ్ కవరు అందుకున్నారు. అప్పటికి కోతి ఒకటి కొరికింది. ఆ పులుపుకు దాని కళ్ళు మూసుకుపోయాయి, పెదాలు ముడుచుకున్నాయి, తల రెండుసార్లు విదిలించింది. కాయ వైపు చూసి, మళ్ళీ కొరికి, మళ్ళీ అదే మొహం. కాయ మాత్రం వదలలేదు.

పళ్ళగాటు పడ్డ ఆ ఫారమే పై ఆఫీసుకు వెళ్ళింది. వెనకవైపు మేడమ్ "కోతి కొరికినది" అని రాసి సంతకం పెట్టారు.

ఇక్కడొక మాట చెప్పకుండా ఉండలేను. ప్లాస్టిక్ కవరులో తిండి ఉంటుందని ఆ కోతికి ఎలా తెలుసు? అడవిలో ప్లాస్టిక్ కాయదు. శ్రీశైలం రోడ్డు మీద కార్లు ఆపి అరటిపండ్లు, బిస్కెట్లు విసిరేవాళ్ళు నేర్పించారు. పుణ్యం అనుకుంటారు. ఆ తిండి కోసం కోతులు అడవి వదిలేసి రోడ్డు అంచున కూర్చుంటాయి, పిల్లల్ని కడుపుకు కరిపించుకుని బండ్ల మధ్య పరుగెత్తుతాయి. మేం వెళ్ళిన వారంలోనే రోడ్డు మీద ఒక పిల్ల చచ్చిపడి ఉండటం చూశాను. తల్లి ఇంకా దాన్ని లాగుతూ ఉంది. దయచేసి ఆ రోడ్డు మీద ఏమీ విసరకండి. మా పల్లీపట్టీ కూడా స్టీలు డబ్బాలో మూతపెట్టి ఉండాల్సింది. ఆ రోజు నుంచి అలాగే పెట్టాం.

చివరి మూడు రోజులు గడ్డి, ఆకులు తినే జంతువుల లెక్క. రోజూ పొద్దున్నే ఎండ పొడుచుకొచ్చే వేళకు ఆ రెండు కిలోమీటర్ల గీత మొదట్లో నిలబడాలి. అడుగులో అడుగు వేసుకుంటూ నడవాలి. దుప్పి, కణితి, మనుబోతు, కొండగొర్రె, పంది, కొండముచ్చు, నెమలి... ఏది కనబడినా ఆగి, ఎన్ని ఉన్నాయో చూసి, దిక్సూచితో దిక్కు, రేంజ్‌ఫైండర్‌తో దూరం తీసుకోవాలి. మొదట కనబడినప్పుడు అది ఎక్కడుందో ఆ దూరమే రాయాలి. మనల్ని చూసి అది కదిలాక ఎక్కడికి వెళ్ళినా లెక్కలేదు. నోరు విప్పకూడదు, సైగలే. తిరిగొచ్చేటప్పుడు 400 మీటర్లకోసారి ఆగి చెట్లు, పొదలు, గడ్డి, పెంటికలు లెక్కపెట్టాలి. ఆ పని ఓపికతో కూడింది, చెప్పుకోవడానికి పెద్దగా లేదు. దుప్పి పెంటికకూ కొండగొర్రె పెంటికకూ తేడా మాత్రం ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఆరో రోజు. ఎనిమిది వందల మీటర్ల దగ్గర ఉన్నాం. ఎడమవైపు ఎండుటాకుల్లో గలగల. అడవిపందులు. పెద్దవి మూడు, పిల్లలు ఆరు. రేంజ్‌ఫైండర్ 34 మీటర్లు చూపించింది. కుర్రాడు దిక్కు చూశాడు, నేను రాశాను. మందంతా నేల తవ్వుకుంటూ మెల్లగా మా గీత దాటి కుడివైపుకు వెళ్ళింది. పిల్లలకు వీపు పొడవునా ఉడతకున్నట్టు చారలు. అన్నీ వెళ్ళాయనుకున్నాం. ఒకటి వెళ్ళలేదు. పొద వెనక ఏదో తవ్వుకుంటూ ఉండిపోయి, తలెత్తి చూసేసరికి ఎవరూ లేరు. కీచుమంది. అటు పరుగెత్తింది, ఇటు పరుగెత్తింది, ఆఖరికి సరిగ్గా మా వైపు తిరిగింది.

చిన్న చిన్న గిట్టలు టకటకలాడించుకుంటూ వచ్చి పెద్దాయన కాళ్ళ దగ్గర ఆగింది. అప్పటిదాకా ఏడుస్తున్నది కాస్తా ఆయన టైరు చెప్పుల వాసన చూడగానే మరిచిపోయింది. ముక్కు మీద తడిమట్టి, ఒక ఎండుటాకు ముక్క అంటుకుని ఉన్నాయి. ఆ ముక్కుతో చెప్పు అంచు వెంట ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తడిమింది. ఒకసారి తుమ్మింది. తర్వాత చెప్పు పట్టీ నోట్లో పెట్టుకుని లాగడం మొదలుపెట్టింది. అడుగు దూరంలో నిలబడ్డాను నేను. దాని చెవుల లోపలి లేత గులాబి రంగు, కనురెప్పల వెంట్రుకలు కూడా కనబడుతున్నాయి.

అప్పుడు తల్లి తిరిగొచ్చింది. పది బారల దూరంలో ఆగింది. మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. పెద్దాయన అరచేయి నేలవైపు పెట్టి మాకు కదలొద్దని చూపించాడు. తన మొహం మాత్రం మెల్లగా పక్కకు తిప్పేసుకున్నాడు, ఆ పిల్లతో తనకేం సంబంధం లేదన్నట్టు. తల్లి గుర్రుమంది. పిల్ల ఒక చెవి మాత్రం ఎత్తింది, పట్టీ వదల్లేదు. తల్లి మళ్ళీ గుర్రుమంది. పిల్ల ఇంకొంచెం గట్టిగా లాగింది. మూడోసారి తల్లి గట్టిగా, పొట్టిగా ఒక్క అరుపు అరిచింది. చిన్నప్పుడు మా అమ్మ వీధి చివర నిలబడి నా పూర్తి పేరుతో పిలిస్తే ఎలా ఉండేదో అలాంటి అరుపు. పిల్ల పట్టీ వదిలేసి, తోక నిటారుగా పెట్టి, ఒక్క పరుగున తల్లి పొట్ట కింద దూరింది. తల్లి మమ్మల్ని ఇంకో క్షణం చూసి, పిల్లను మూతితో ఒక్క తోపు తోసి, వెళ్ళిపోయింది.

ఇంకా పన్నెండు వందల మీటర్లు ఉంది. నవ్వకూడదు. మేడమ్ చున్నీ నోట్లో కుక్కుకున్నారు. కుర్రాడి భుజాలు ఊగిపోతున్నాయి, కళ్ళలోంచి నీళ్ళు. నేను ఎవరి మొహమూ చూడకుండా దిక్సూచి ముల్లు మీదే కళ్ళు పెట్టుకుని నడిచాను. దారిలో రెండు నెమళ్ళు, అయిదు దుప్పులు రాశాం. చేతిరాత వంకరగా వచ్చింది. చివరి గుర్తు దాటాక పెద్దాయనే ముందు మొదలుపెట్టాడు. ఆయన అంత గట్టిగా నవ్వగలడని మాకు అప్పటిదాకా తెలియదు. పక్క చెట్టు మీద కొండముచ్చులు బెదిరి పై కొమ్మలకు ఎగిరాయి. ఆయన చెప్పు ఎత్తి చూపించాడు. పట్టీ మీద నాలుగు చిన్న సొట్టలు, తడిగా.

ఫారంలో ఆ పంది పిల్ల 34 మీటర్ల దూరంలోనే ఉంది. నియమం అదే, మొదట కనబడిన దూరం.

ఏడో రోజు మధ్యాహ్నం మమ్మల్ని మన్ననూరు తీసుకెళ్ళే జీపు వచ్చింది. పులిని నేను చూడలేదు.

2019 జూలై 29న ఆ గణన ఫలితాలు విడుదల చేశారు. దేశంలో 2,967. తెలంగాణలో 26. అది చదవగానే పెద్దాయనకు చెప్పాలనిపించింది. ఆయన పెంటలో సిగ్నల్ ఉండదు. మేడమ్‌కు మెసేజ్ పెడితే రెండు రోజుల తర్వాత ఆవిడ ఫోన్ నుంచే ఆయన మాట్లాడాడు. అంకె చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. వెనక వాన చప్పుడు వినబడుతోంది.

"వాగు కాడి ఆడపులి అండ్ల ఉన్నదా సారూ?"

కెమెరాకు చిక్కి ఉంటే ఉంటుంది పెద్దయ్యా అన్నాను.

"సరే" అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "క్యాంపు కాడ పుట్ట మళ్ళ లేసింది. మోకాలెత్తు అయింది. మొన్న రాత్రి ఎవరో కొత్త సార్లు పండుకున్నరు ఆడ. పొద్దుగాల్నే నన్ను అడుగుతున్నరు, రాత్రంతా గాలి గొట్టింది ఎవరని."